ఆడకుండా రాసిన తీర్పు

పద్దెనిమిది పేజీలు. మధ్యలో రెండు పిన్నులు, అందులో ఒకటి వంకర. అట్ట మీద ఒక రాక్షసి బొమ్మ. ముఖం గుమ్మడికాయలా ఉంది, ఒక కన్ను నుదుటి దాకా ఎక్కిపోయింది. పేరు 'బండ కింద వాన'. వెల నలభై రూపాయలు. మదనపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ కవరు చింపినప్పుడు నాకు సంతోషం కలిగింది. తిట్టడానికి మంచి సరుకు దొరికిందన్న సంతోషం. అది ఒప్పుకోకుండా మిగతాది రాయలేను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు అందులో వేటగాడో, మంత్రగత్తో, దొంగో అయి, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. గోడ దూకాడా, కాలు విరగ్గొట్టుకున్నాడా అన్నది పాచిక తేలుస్తుంది. కథ నడిపేవాళ్ల కోసం ముందే రాసిపెట్టిన పుస్తకాలుంటాయి. ఊరు ఎలా ఉంటుంది, గుహలో ఎవరుంటారు, వాళ్లు ఏం అడుగుతారు, అన్నీ అందులో ఉంటాయి. వాటిని మేం అడ్వెంచర్లంటాం. బెంగళూరులో ఉద్యోగం చేసిన ఆరేళ్లలో నేను తగిలించుకున్న జబ్బు ఇది. ఉద్యోగం పోయింది, జబ్బు ఉండిపోయింది.

తిరిగొచ్చి మా నాయన టమోటా మండీలో కూర్చున్నాను. పొద్దున్నే వేలం, మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఆ ఖాళీలో ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టి, మన భాషలో వచ్చే చిన్నాచితకా అడ్వెంచర్ల మీద అభిప్రాయాలు రాసేవాణ్ణి. అభిప్రాయాలు అన్నది మర్యాదకు అంటున్నాను. ఒకాయన పుస్తకం గురించి 'చదివాక చేతులు కడుక్కున్నాను' అని రాశాను. ఇంకొకరి దాని గురించి, 'ఇందులో డ్రాగన్ నిద్రపోతూ ఉంటుంది, దాని తెలివిని మెచ్చుకోవాలి' అన్నాను. చదివినవాళ్లు నవ్వారు, పదిమందికి పంపుకున్నారు. వాళ్లు నవ్వుతున్నంత కాలం నేను న్యాయమే చెబుతున్నాననుకున్నాను. బెంగళూరులో ఏడాదికొకసారి ఈ ఆటలవాళ్లంతా కలిసే చోట, నా సొంత అడ్వెంచర్ నడిపించుకోమని నాకొక బల్ల కూడా ఇచ్చారు. నాది అరవై నాలుగు పేజీలు. మ్యాపులు రంగుల్లో.

'బండ కింద వాన' రాసినావిడది కుప్పం. రైల్వే స్టేషన్ దగ్గర జిరాక్సు కొట్టు. కాలేజీవాళ్లు ఎవరో ఈ ఆట నియమాల పుస్తకం కాపీలు తీయించుకోవడానికి వస్తే, మిషన్ నడుస్తున్నంతసేపూ బయటికొచ్చే పేజీలు చదివి ఆట నేర్చుకుందట. ఆ మాట విన్నప్పుడు కూడా నేను నవ్వాను. ఫోను చేసింది ఆవిడే.

"అన్నా, పుస్తకం చేరిందా?"

"చేరింది."

"బెంగళూరు వాళ్లు నాకూ ఒక బల్ల ఇస్తామన్నారు. కొత్తోళ్లకి ఊరికే ఇయ్యరంట. తెలిసినోళ్లు ఎవురన్నా ఆడి సూసి, ఇది ఆడేదానికి పనికొస్తాదని రాయాలంట. నీ పేజీ అయితే నమ్ముతామన్నారు."

"సూస్తాలేమ్మా."

"బాగుందని రాయమని అడగల్యా. ఆడి సూసి రాయి, అంతే. ఈడ మేం నలుగురమే ఆడుకుంటాండాం. తెలీనోళ్ల ముందర ఒక్కసారన్నా నడిపించాలని ఉండాది. ఆ బల్ల దొరుకుతాదో ల్యాదో నీ మాట మీద ఉండాది."

ఆడి చూడమని రెండుసార్లు అంది. నేను సరేనన్నాను.

ఆ సాయంత్రం చదివాను. చదవడానికి ముప్పావు గంట పట్టింది, అందులో పది నిమిషాలు టీకి లేచాను. కథ ఇదీ. ఒక ఊరికి వాన పడటం లేదు. ఊరి పక్క నల్లబండ కింద ఒక రాక్షసి వానను దాచిపెట్టుకుంది. నలుగురు ఊరివాళ్లు బండలోకి దిగి, మూడు తలుపులు దాటి ఆమె దగ్గరికి పోవాలి. వీరులు కారు, శూరులు కారు. వేరుశెనగ రైతు, ఇటుకల బట్టీవాడు, మేకలు కాసేది, మంత్రసాని. కత్తి ఒక్కరి దగ్గరా లేదు. మ్యాప్ అని ఒకటి వేశారు, అది బండా, దోసెనా తెలియదు. మొదటి తలుపు కాపలావాడు తమిళం తప్ప మాట్లాడడు, రెండోవాడు కన్నడం, మూడోవాడు తెలుగు. వాళ్ల మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే అచ్చువేశారు. చదువుతుంటే నోట్లో ఇసుక పడ్డట్టుంది. ప్రతి తలుపు దగ్గరా ఒక పాచికల పట్టిక ఉంది. చివర రాక్షసితో పోట్లాట లేదు. 'ఇక్కడ ఆమె అడుగుతుంది. వాళ్లు చెబుతారు. తర్వాత వాన.' అంతే. పుస్తకం అయిపోయింది.

నేను రాసింది కొంత ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, నాకది శిక్ష కాబట్టి. 'నలభై రూపాయలకు పద్దెనిమిది పేజీలు వస్తాయి. వాటిలో ఆట ఎన్ని పేజీలుందో వెతికి చెప్పినవాళ్లకు నా నలభై రూపాయలు ఇస్తాను. రచయిత్రికి ఏ భాషలో రాయాలో తేల్చుకునే తీరిక దొరకలేదు. రాక్షసి అట్ట మీద మాత్రమే భయపెడుతుంది, అదీ బొమ్మ వేసినవారి చలవ. మా బల్ల మీద నలుగురం కూర్చుని ఆడి చూశాం. మూడో తలుపు దగ్గర పాచికలు మా ఓపికను చంపాయి. వాన పడేసరికి మాకు గొడుగు కాదు, బస్సు కావాలనిపించింది.'

ఆ గొడుగు మాట దగ్గర నేనే నవ్వుకున్నాను. దానికి ముందున్న రెండు వాక్యాలు అబద్ధం. నలుగురం కూర్చోలేదు. ఆడలేదు. పాచిక చేత్తో పట్టుకోలేదు. ఆడాను అని రాయకపోతే తిట్టుకు బరువుండదని రాశాను. అంతకు మించి కారణం లేదు.

మా మండీలో ఒక పద్ధతి ఉంది. వేలానికి ముందు, వరసగా పెట్టిన క్రేట్లలోంచి ఒకదాన్ని ఎంచి నేల మీద బోర్లిస్తారు. పైవరస కాయ మామూలుగా ఎర్రగా, గుండ్రంగానే ఉంటుంది, లేదా ఒక్కోసారి పైన దుమ్ము పడి కింద బంగారంలాంటి కాయ ఉంటుంది. బోర్లించకుండా పాట పాడినవాణ్ణి మేం మనిషి కింద లెక్కేయం. బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక రైతును, బోర్లించడానికి వెనకాడాడని పదిమందిలో కసురుకున్నవాణ్ణి నేను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఒక మనిషి కోరికను పైవరస చూసి కొట్టేశాను.

వారం తిరక్కుండా బెంగళూరు వాళ్లు ఆవిడకు బల్ల లేదన్నారు. నా పేజీలోని ఆ 'ఆడి చూశాం' అన్న మాటే కారణంగా చూపించారు. ఆవిడ నాకొక మెసేజ్ పెట్టింది. 'చదివినానన్నా.' ఇంకేం లేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది, దాని మీద కూడా ఏదో రాసేవాణ్ణి.

పుంగనూరులో నాకొక స్నేహితుడున్నాడు. మందుల షాపు. పదేళ్లుగా నాతో ఈ ఆట ఆడేవాడు, నేను రాసేదంతా మొదట చదివేవాడు. నాకు 'మా బల్ల' అని చెప్పుకోవడానికి ఉన్న ముగ్గురిలో ఒకడు. అతను ఫోను చేశాడు.

"మన బల్ల మీద ఆడినారంట. నేను యాడ కూర్చున్నానప్పా?"

"ఏదో రాసినాలే."

"అంటే ఆడల్యా."

"పద్దెనిమిది పేజీలురా. దానికి ఆడేదేముండాది? చదివితే తెలిసిపోలా?"

"నా షాపుకొచ్చి సీసా మీద చీటీ చదివి, జ్వరం తగ్గిపాయ అనేవాడివి నువ్వు." షాపులో ఎవరికో చిల్లర ఇచ్చి మళ్లీ అందుకున్నాడు. "ఆదివారం బస్సెక్కు. నేను ఈడ ఎక్కుతా. కుప్పం పోదాం."

"పోయి ఏం చెప్పేది?"

"చెప్పేది తర్వాత. ముందు ఆడదాం."

పోయాను. తప్పు దిద్దుకోవడానికి పోయానని రాస్తే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. ఆడి, అది నేను రాసినంత చెడ్డదేనని రుజువు చేసుకుంటే, రాసిన అబద్ధం కూడా నిజమైపోతుందని లెక్కేసుకున్నాను. శాంతిపురం దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని మనసులో కొత్త తిట్లు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి ఉంది. జిరాక్సు మిషన్ మీద గుడ్డ కప్పి, పక్కన బైండింగ్ బల్ల ఖాళీ చేశారు. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. కుప్పం నలుగురిలో ఇద్దరొచ్చారు. ఒకాయన గ్రానైట్ పాలిషింగ్ పనిచేస్తాడు, ఒకామె ఆస్పత్రిలో నర్సు. నన్ను చూసి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈయనేనా గొడుగాయన?" అన్నాడు పాలిషింగాయన.

"కూర్చోనీప్పా," అంది ఆవిడ. "అన్నా, కాఫీ తాగుతారా?"

కాఫీ అయ్యాక నలుగురికీ నాలుగు చీటీలు తీయించింది. నాకు ఇటుకల బట్టీవాడు వచ్చాడు, కాపలావాళ్ల భాషల్లో కన్నడం ఒక్కటే తెలుసు. మా పుంగనూరువాడు వేరుశెనగ రైతు, తెలుగు. నర్సు మంత్రసాని, తమిళం. పాలిషింగాయన మేకలు కాసేవాడయ్యాడు, ఆయన పాత్రకు ఏ కాపలావాడి మాటా తెలియదు. నిజంగా మాకు మూడు భాషలూ అంతో ఇంతో వచ్చు. ఆటలో మాత్రం ఎవరి చీటీ వాళ్లది.

మొదటి తలుపు దగ్గర నేను ఊహించనిది జరిగింది. ఆవిడ లేచి, నర్సును ఒక్కదాన్నే బయటికి పిలిచింది. ఇద్దరూ షట్టరు కింద నుంచి వంగి మెట్ల మీదికి పోయారు. మేం ముగ్గురం లోపల ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. నర్సు తిరిగొచ్చి, కాపలావాడు ఏమడిగాడో మాకు చెప్పింది. ఆమె చెప్పిందే మాకు దిక్కు. ఆ మాట మీద మేం జవాబు తేల్చుకుని ఆమెతోనే పంపాలి. పాలిషింగాయనకు నమ్మకం కుదరలేదు. "ఇంకేం అనల్యా? ముఖం ఎట్ల పెట్టినాడు? కోపంగా ఉన్నాడా?" అని పోలీసులా అడిగాడు. ఆమె విసుక్కోకుండా అంతా చెప్పింది. తలుపు తెరుచుకుంది.

నా దగ్గరున్న పుస్తకం తెరిచి చూశాను. ఆరో పేజీలో ఉంది: 'ఎవరి భాష అయితే వాళ్లనొక్కరినే బయటికి పిలవండి.' ఆ ఒక్క వాక్యం మీద ఆట అంతా నిలబడి ఉంది. నేను దాన్ని చదివే ఉంటాను. కళ్లు దాని మీదుగా పోయే ఉంటాయి. అప్పుడు నేను ఆ కన్నడం ముక్కల మీద ఏం జోకు వేయాలా అని చూస్తున్నాను.

రెండో తలుపు నాది. మెట్ల మీద ఆవిడ కాపలావాడై కన్నడంలో నెమ్మదిగా చెప్పింది. ముందు అడుగు పెట్టేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చివర వచ్చేవాడు తన చేత్తో తలుపు మూసి రావాలి. స్టేషన్‌లో రైలు ఏదో వచ్చి ఆగింది, ఆవిడ ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి ఇంకోసారి చెప్పింది. నేను తలూపి లోపలికొచ్చాను.

"ముందర పోయేటోడు ఎనక్కి సూడకూడదంట," అన్నాను.

"అంతేనా?" అన్నాడు పాలిషింగాయన.

"అంతే."

నన్ను ఇంకెవరూ అడగలేదు. నర్సును అన్ని ప్రశ్నలడిగిన మనిషి నన్ను ఒక్కటడిగి ఊరుకున్నాడు. బెంగళూరులో బల్ల ఉన్నవాణ్ణి కదా. మేకలాయన ముందు, నేను, నర్సు, చివర మా పుంగనూరువాడు. తలుపు మూస్తున్నానని అతను అనలేదు. అనాలని అతనికి తెలియదు.

"ఎనక నుంచి ఇసుక కూలింది," అంది ఆవిడ. "రైతు ఇసుక కింద పోయినాడు."

"నేను సచ్చిపోయినానా?" అన్నాడు మావాడు.

"పోయినావు."

"పాచిక ఎయ్యకుండానే?"

"తలుపు మూసింటే ఇసుక పడదు గదన్నా."

మావాడు నా వైపు తిరిగాడు. "తలుపు మూయమన్నాడా?"

"అన్నాడు. అది పెద్దదేం గాదనుకున్నా."

"ఎవురు చెప్పినారు నీకు పెద్దదిగాదని?" అన్నాడు పాలిషింగాయన. గొంతు పెంచలేదు. ఆటలో చచ్చిపోయిన వేరుశెనగ రైతు గురించి నిజంగానే బాధపడుతున్నట్టు అడిగాడు.

నేను అబద్ధమాడాలని కూడా అలా చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ పీడిస్తుంది. విన్నదాంట్లో ఏది అవసరమో ఏది కాదో తేల్చే హక్కు నాదే అనుకుని, సగం మెట్ల మీదే వదిలేసి వచ్చాను. తలుపు మూయడం లాంటి చిన్న విషయం కోసం నలుగురినీ ఆపడం నా స్థాయికి తగదనుకున్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఈడికి తమిళం కాగితాలు తెస్తారన్నా, కన్నడం కాగితాలు తెస్తారు. చదివి చెప్పక్కా అంటారు. నేను ఏం చెప్తే దాని మీద సంతకం పెట్టి పోతారు. ఒకతూరి ఒకాయప్ప సేలంలో పని వచ్చిందని కాగితం తెచ్చినాడు. చదివి చెప్పినా. డాక్టరు సర్టిఫికెట్ తేవాలని కింద ఒక లైను ఉన్నింది. అర్జెంటు పనిలో ఉండి అది వదిలేసినా. ఆయప్ప పోయి నాలుగు దినాలు గేటు కాడ కూర్చోని తిరిగొచ్చినాడు. నన్ను ఒక్క మాట అనల్యా." కళ్లద్దాలు పెట్టుకుంది. "దాన్ని పట్టుకొనే ఇది రాసుకున్నా."

మా పుంగనూరువాడు నా మోకాలిని బల్ల కింద తన మోకాలితో పొడిచాడు.

"నేను ఆడకుండా రాసినానమ్మా," అన్నాను.

"తెలుసన్నా."

"వీడు చెప్పినాడా?"

"ఆయన యాల చెప్తాడు. మూడో తలుపు కాడ పాచికలు ఓపిక తీసేసినాయని రాసినావు గదా. ఆ పట్టిక నలుగురూ ఒక మాట మీదికి రాకపోతేనే వాడేది. ఇన్నిసార్లు ఆడినాం, దాని దాకా ఒక్కసారి గూడా పోల్యా."

నన్ను పట్టించింది నా కల్పనే. రంగు కోసం వేసిన ఆ ఒక్క వివరం. ఇంకొకరి పుస్తకంలో అలాంటిది కనబడి ఉంటే ఒక వారం దాని మీదే బతికేవాణ్ణి.

"నా బల్ల నీకిచ్చేస్తానమ్మా. వాళ్లకి చెప్తా," అన్నాను.

"నీ బల్ల నాకెందుకు? నువ్వు ఆడల్యాదని రాయి. అది సాలు. రాసిందాన్ని రాసే తీసెయ్యాల."

ముగ్గురు మిగిలాం కాబట్టి ఆట అక్కడితో ఆపలేదు. తెలుగు చీటీవాడు ఇసుక కింద ఉన్నాడు కాబట్టి మూడో తలుపు దాటడానికి గంట పట్టింది, దాని దగ్గర జరిగింది ఇక్కడ రాయను, ఆడబోయేవాళ్లకు పాడవుతుంది. ఇసుక కింద ఉన్న మావాడు ఖాళీగా కూర్చుని మా అందరి బిస్కెట్లూ తిన్నాడు.

మర్నాడు నా పేజీలో రాశాను. 'బండ కింద వాన గురించి ఇంతకుముందు రాసినప్పుడు నేను దాన్ని ఆడలేదు. ఆడానని రాసింది అబద్ధం. నిన్న ఆడాను. మ్యాప్ అర్థం కాదు, అట్ట మీద బొమ్మ ఘోరంగా ఉంది, ముఖ్యమైన నియమాన్ని ఆరో పేజీ మధ్యలో పాతిపెట్టారు. ఈ మూడూ తీసేస్తే, మన భాషలో నేను కూర్చున్న ఆటల్లో ఇదే నన్ను ఓడించింది.' రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పేజీలో పెట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

తర్వాత వచ్చినవాటికి నేను సిద్ధంగా లేను. అవి కొత్తవి కావు, నావే. 'చదివాక చేతులు కడుక్కున్నాను' అని పదిమంది రాశారు. ఇంకొకతను, నేను నిద్రపోయి ఉంటే తెలివిగా ఉండేదన్నాడు. బెంగళూరు వాళ్లు మర్యాదగా, రెండు వరుసల్లో, ఆడకుండా ఆడానని రాసేవారికి బల్ల ఇవ్వలేమని తెలియజేశారు. నా అరవై నాలుగు పేజీలు రంగుల మ్యాపులతో సహా బీరువాలోకి పోయాయి. అప్పుడొకసారి వాటిని తిరగేశాను. అందులో ఎవరూ ఎవరి మాట మీదా ఆధారపడాల్సిన చోటు ఒక్కటి లేదు. పాచికలు మాత్రం చాలా ఉన్నాయి.

మూడో రోజు ఆవిడ ఫోను చేసింది. ఖాళీ అయిన బల్ల ఆవిడకిచ్చారట.

"నీదేనంట అన్నా ఆ బల్ల," అంది. ఇబ్బంది పడుతున్నట్టే ఉంది గొంతు.

"ఇప్పుడు నీదిలే. నేనూ వచ్చేదా? సామాను మోసేదానికి పనికొస్తా."

"నువ్వు యాలన్నా? నీకు తలుపులన్నీ తెలిసిపాయ గదా."

నిజమే. ఇలాంటి ఆట ఒకసారి ఆడినవాడు రెండోసారి ఆ బల్ల దగ్గర దండగ. ఒక్క అవకాశం ఉంటే అందులో స్నేహితుణ్ణి ఇసుక కింద పెట్టి వచ్చాను. వారం తర్వాత కొత్త కాపీ ఒకటి పోస్టులో వచ్చింది. ఆరో పేజీలోని ఆ వాక్యాన్ని తీసి మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసింది. మ్యాప్ మళ్లీ గీయించింది, ఇప్పుడు దోసెలా లేదు, ఊతప్పంలా ఉంది. అట్ట మీద గుమ్మడికాయ రాక్షసిని ముట్టుకోలేదు.

ఆవిడ బల్ల నడిపించిన రోజు నేను మండీలో ఉన్నాను. వేలం అయిపోయి క్రేట్లు లారీకెక్కుతున్నాయి. ఫోను మోగింది, మెసేజ్. 'రెండో తలుపు కాడ ఒకాయన సగమే చెప్పినాడన్నా. అచ్చం నీ మాదిరే.'

ఇసుక కింద ఎవరు పోయారని అడిగాను. లారీ కదిలిపోయాక జవాబొచ్చింది.

'ఎవురూ పోల్యా. ఇంకొకామె లేసి, నువ్వు చెప్పేది సగం మాదిరి ఉండాది, మళ్లీ పోయి అడిగిరాపో అనింది.'

మళ్లీ పోయి అడగొద్దని పుస్తకంలో ఎక్కడా లేదు. మా బల్ల మీద ఆ మాట ఎవరికీ తట్టలేదు. చెప్పినవాణ్ణి నేను కదా.